బావగారిచ్చిన డ్రైవర్ బంతిని కుడికే తోస్తోంది: అమ్మేయాలా, తిప్పి చూడాలా?

హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు పేరు వేయవద్దంటూ నాలుగు పేజీల ఉత్తరం రాశారు. వయసు 47, కుడిచేతి ఆట, గోల్ఫ్ మొదలుపెట్టి మూడేళ్లు, హ్యాండిక్యాప్ 22 (మంచి ఆటగాడికన్నా రౌండుకు సుమారు అన్ని దెబ్బలు ఎక్కువని లెక్క). డల్లాస్‌లో ఉండే అక్కాబావలు పోయిన వేసవిలో వచ్చినప్పుడు బావగారు ఒక ఖరీదైన డ్రైవర్, అంటే దూరపు మొదటి దెబ్బకు వాడే పొడవాటి గోల్ఫ్ క్లబ్, తెచ్చి చేతిలో పెట్టారట. తాను వాడేదీ అదే మోడల్ అట. 9 డిగ్రీల లాఫ్ట్ (ఫేస్, అంటే బంతిని తాకే ముఖం, వెనక్కి వాలే కోణం), తక్కువ స్పిన్ ఇచ్చే హెడ్, స్టిఫ్ షాఫ్ట్ (గట్టి కర్ర), 45.75 అంగుళాల పొడవు. సోల్ (హెడ్ అడుగు) మీద టో (షాఫ్ట్‌కి దూరపు కొస) వైపు 12 అనీ, హీల్ (షాఫ్ట్ దగ్గరి కొస) వైపు 2 అనీ అంకెలున్న రెండు స్క్రూలు. ఎలా ఉండాలో బావగారే బిగించి ఇచ్చారు.

అప్పట్నుంచి బంతి చక్కగా బయల్దేరి, సగం దూరం వెళ్లాక కుడికి వాలి చెట్లలోకి పోతోంది. రౌండుకు నాలుగైదు బంతులు గల్లంతు. సిమ్యులేటర్‌లో కొట్టి చూసిన అంకెలు ఉత్తరంతో పాటు పంపారు: హెడ్ వేగం గంటకు 88 మైళ్లు, బంతి వేగం 124, స్వింగ్ దారి మైనస్ 5, ఫేస్ ప్లస్ 1, తాకే కోణం మైనస్ 3 (అంటే కిందికి దిగుతూ), తాకే క్షణాన లాఫ్ట్ 12, బంతి ఇరుసు వాలు 27, క్యారీ (గాల్లో వెళ్లే దూరం) 185 గజాలు. ఫేస్ మీద గుర్తులు హీల్ వైపు, కాస్త కిందగా పడుతున్నాయి.

సలహాలకు మాత్రం కొదవ లేదు. కోచ్ "క్లబ్‌ది తప్పు కాదు, స్వింగ్ మార్చు" అంటున్నాడు. షాపులో "10కే డ్రైవర్ తీసుకోండి, తప్పులన్నీ అదే కాస్తుంది" అని 55 వేలు చెప్పారు. ఆఫీసు మిత్రుడు షాఫ్ట్ కోయించమంటాడు. ఇంకొకాయన స్లీవ్ (షాఫ్ట్‌ని హెడ్‌కి కలిపే తొడుగు) తిప్పితే చాలంటాడు. ఇంట్లో "డ్రైవర్‌ని మార్చాలి" అంటే శ్రీమతి కారు డ్రైవర్ అనుకుని కంగారుపడ్డారట, అసలు సంగతి తెలిశాక ఇంకా కంగారుపడ్డారట. సంక్రాంతికి బావగారు వస్తున్నారు, కనుమ మర్నాడు ఇద్దరికీ టీ టైం (ఆట మొదలుపెట్టే వేళ) బుక్ అయింది, ఆరు వారాలే ఉంది. "అమ్మేస్తే అక్క నొచ్చుకుంటుంది. ఉంచుకుంటే నా స్కోరు నొచ్చుకుంటోంది. ఏం చేయను?" అని అడిగారు.

సమాధానం

మీ ఉత్తరంలో అన్నిటికన్నా పనికొచ్చేవి ఆ సిమ్యులేటర్ అంకెలు. సలహాలిచ్చిన నలుగురిలో ఒక్కరైనా వాటిని పక్కన పెట్టుకుని మాట్లాడినట్టు లేదు. ముందు మనమిద్దరం వాటిని చదువుదాం.

డ్రైవర్‌తో కొట్టిన బంతి ఏ దిక్కుకి బయల్దేరుతుందన్నది దాదాపు 85 శాతం ఫేస్ చూసే దిక్కును బట్టి, మిగిలిన 15 శాతం స్వింగ్ దారిని బట్టి ఉంటుంది. మీ ఫేస్ ఒక డిగ్రీ కుడికి చూస్తోంది, స్వింగ్ ఐదు డిగ్రీలు ఎడమకు కోస్తోంది. ఆ పాళ్లలో కలిపితే దాదాపు సున్నా. అందుకే బంతి అంత చక్కగా బయల్దేరుతోంది. అది వంకర తిరగడానికి కారణం వేరు: ఫేస్‌కీ దారికీ మధ్య ఉన్న 6 డిగ్రీల తేడా.

ఈ 6 డిగ్రీలు బంతి ఇరుసును ఎంత వాలుస్తాయో ఉజ్జాయింపుగా లెక్క కట్టవచ్చు. తాకే క్షణాన లాఫ్ట్ 12, తాకే కోణం మైనస్ 3, వాటి మధ్య ఎడం 15. ఆరుని పదిహేనుతో భాగించి, అది ఏ కోణానికి టాంజెంటో చూస్తే దాదాపు 22 డిగ్రీలు. మీకు వచ్చిన అంకె 27. మిగతా ఐదూ ఎక్కడివి? హీల్ మీద పడ్డ ఆ గుర్తులవి. ఇరుసు ఒక్కో డిగ్రీ వాలితే ప్రతి వంద గజాలకూ బంతి సుమారు 0.7 గజం పక్కకు పోతుందని ఒక మోటు లెక్క ఉంది. 27 డిగ్రీలకు, 185 గజాలకు అది 35 గజాలు. మీ చెట్లు సరిగ్గా అక్కడే ఉండి ఉంటాయి.

హీల్ తాకిడి సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే డ్రైవర్ డిజైన్ అంతా దాని చుట్టూనే తిరుగుతుంది. డ్రైవర్ హెడ్ లోపల బోలు. దాని గరిమనాభి ఫేస్ మీద ఉండదు, ఫేస్‌కి వెనక ఎక్కడో గాలిలో ఉంటుంది. బంతి ఫేస్‌కి నడిమధ్య తగలకుండా హీల్ వైపు తగిలితే హెడ్ ఆ గరిమనాభి చుట్టూ గిర్రున తిరగబోతుంది, ఫేస్ మూసుకుపోతుంది. బంతి దానికి అంటుకుని ఉన్న ఆ అర మిల్లీసెకనులో రెండు పళ్లచక్రాలు ఒకదాన్నొకటి తిప్పుకున్నట్టు అవతలి వైపుకు తిరుగుతుంది. హెడ్ ఎడమకు, బంతి కుడికి. గేర్ ఎఫెక్ట్ అనేది ఇదే. ఫేస్‌ని పక్కనుంచి పక్కకు కాస్త ఉబ్బుగా చేసేది కూడా ఇందుకే. హీల్ తాకిడి ఎడమకు బయల్దేరి, ఈ స్పిన్‌తో తిరిగి మధ్యకు రావాలని. అయితే ఈ ఏర్పాటు తిన్నగా స్వింగ్ చేసేవాడి కోసం. మీలా బయటినుంచి లోపలికి కోసేవారికి అప్పటికే కుడి స్పిన్ ఉంది, దాని మీద గేర్ ఎఫెక్ట్ ఇంకో ఐదు డిగ్రీలు వేస్తోంది.

ఇక లాఫ్ట్. అదే 6 డిగ్రీల తప్పు ఎక్కువ లాఫ్ట్ ఉన్న క్లబ్‌తో చేస్తే బంతి తక్కువ వంకర తిరుగుతుంది, ఎందుకంటే భాగించే అంకె పెద్దదవుతుంది. మీ 12 డిగ్రీలు 14 అయ్యుంటే ఎడం 17, వాలు 22 బదులు 19. అంటే 27లో సుమారు ఎనిమిది డిగ్రీలు ఈ డ్రైవర్‌కి సంబంధించినవి: మూడు తక్కువ లాఫ్ట్ వల్ల, ఐదు హీల్ తాకిడి వల్ల. ఆ హీల్ తాకిడి కూడా పూర్తిగా క్లబ్ పాపం కాదు, పొడవాటి షాఫ్ట్ దాన్ని పెంచుతోంది, అంతే. మిగతా పంతొమ్మిదీ మీ స్వింగ్‌వి. కాబట్టి మీ కోచ్ చెప్పింది మూడింట రెండు వంతులు నిజం, మీ మిత్రులు చెప్పింది మూడో వంతుకు కాస్త తక్కువ నిజం.

ఇప్పుడు ఆ రెండు స్క్రూల దగ్గరికొద్దాం. ఉత్తరం మొత్తంలో మీరు ఏదో మాటవరసకు రాసిన ముక్క అది, నాకు మాత్రం అక్కడే కళ్లు ఆగాయి. టో వైపు 12 గ్రాములు, హీల్ వైపు 2 గ్రాములు. అలా బిగించేది బంతి ఎడమకు తిరుగుతుందని భయపడేవాళ్లు. బావగారి స్వింగ్ వేగం 105 దాకా ఉంటుందనీ, ఆయన బంతులు పోతే ఎడమకే పోతాయనీ మీరే రాశారు. ఆయన తన హుక్‌కి విరుగుడుగా బిగించుకున్న అమరికనే ప్రేమగా మీకూ బిగించారు. మీ రోగం స్లైస్, అంటే కుడి వంకర. మందు తారుమారైంది.

ఈ బరువుల ప్రభావం ఎంతో చూడండి. డ్రైవర్ హెడ్ సుమారు 200 గ్రాములు. రెండు స్క్రూల మధ్య దూరం 7 సెంటీమీటర్లనుకుందాం. వాటిని తారుమారు చేస్తే 10 గ్రాములు 7 సెంటీమీటర్లు జరిగినట్టు. 10ని 7తో గుణించి 200తో భాగిస్తే 0.35, అంటే గరిమనాభి మూడున్నర మిల్లీమీటర్లు హీల్ వైపుకు వస్తుంది. చూడ్డానికి చిన్నదే. కానీ మీ గుర్తులు నడిమికి 12 మిల్లీమీటర్ల దూరంలో పడుతున్నాయనుకుంటే, అది ఎనిమిదిన్నరకు తగ్గినట్టు లెక్క. మీరు నడిమికి రాలేకపోతే, గరిమనాభినే మీ దగ్గరికి తెచ్చుకోవడమన్నమాట. అప్పుడు ఆ ఐదు డిగ్రీల గేర్ ఎఫెక్ట్ మూడున్నరకు దిగుతుంది. పైగా హీల్‌లో బరువున్న హెడ్ షాఫ్ట్ చుట్టూ కాస్త తేలిగ్గా మూసుకుంటుంది. రూపాయి ఖర్చు లేదు. నచ్చకపోతే మళ్లీ తిప్పుకోవచ్చు.

స్లీవ్ సంగతి ఇంత సూటిగా ఉండదు. మెడ దగ్గర స్లీవ్ తిప్పినప్పుడు హెడ్‌లో షాఫ్ట్ దూరే కోణం మారుతుంది తప్ప, ఫేస్ మీద చెక్కిన లాఫ్ట్ మారదు. లాఫ్ట్ పెంచే వైపు తిప్పి క్లబ్‌ని నేల మీద సహజంగా పెట్టండి, ఫేస్ ఎడమకు మూసుకుని కనిపిస్తుంది. దాన్ని అలాగే పట్టుకుని కొడితే ఫేస్ మూత మీకు దక్కుతుంది. చేత్తో తిప్పి చక్కగా పెట్టుకుంటే మూత పోయి లాఫ్ట్ మాత్రం మిగులుతుంది. ఈ రెండింట్లో ఏది జరుగుతోందో తెలియకుండా స్లీవ్ తిప్పి "ఏమీ మారలేదు" అనేవాళ్లు బోలెడుమంది. స్లైస్ కొట్టేవారి కంటికి మూసుకున్న ఫేస్ కనబడగానే చేతులు వాటంతటవే దాన్ని తెరుస్తాయి, అదొక చిక్కు.

మీరు 9 నుంచి 10.5కి తిప్పి, బరువులు హీల్ వైపుకు మార్చి, ఫేస్‌ని ముట్టుకోకుండా పెట్టుకున్నారనుకోండి. తాకే క్షణాన ఫేస్ ప్లస్ 1 బదులు మైనస్ 1 అయితే, తేడా 6 నుంచి 4కి దిగుతుంది. బంతి డిగ్రీన్నర ఎడమకు, అంటే ఐదు గజాలు అటు బయల్దేరుతుంది. ఇరుసు వాలు గేర్ ఎఫెక్ట్‌తో కలిపి 17 చుట్టూ ఉంటుంది, 22 గజాలు కుడికి తిరుగుతుంది. చివరికి మధ్యగీతకు 17 గజాల కుడిన పడుతుంది. ఫెయిర్‌వే (పొట్టి గడ్డి దారి) వెడల్పు 30, 35 గజాలనుకుంటే అంచు మీద, లేదా పక్కనున్న పొడవు గడ్డిలో, మొదటి రఫ్‌లో. స్లైస్ పోలేదు, సగమైంది. బంతి దొరుకుతుంది.

ఇవన్నీ కాగితం మీది లెక్కలు. రేంజ్‌లో, అంటే ప్రాక్టీసు మైదానంలో, నిజం తేల్చుకునే పద్ధతి ఇది. వైట్‌బోర్డు మార్కర్ ఒకటి, తుడిచే గుడ్డ ఒకటి తీసుకెళ్లండి. ఫేస్ అంతా మార్కర్‌తో పూసి ఒక బంతి కొట్టండి, బంతి తగిలినచోట రంగు లేచిపోయి గుండ్రని మచ్చ పడుతుంది. ఫోన్‌తో ఫొటో తీసి, తుడిచి, మళ్లీ పూయండి. ఉన్న అమరికతో పన్నెండు బంతులు. తర్వాత బరువులు మాత్రం మార్చి పన్నెండు, ఆపైన స్లీవ్ కూడా తిప్పి పన్నెండు. ఒకేసారి రెండూ మారిస్తే ఏది పనిచేసిందో తేలదు. ప్రతి పన్నెండులో మరీ ఘోరమైన రెండింటిని తీసేసి మిగతా పది ఎక్కడ పడ్డాయో రాసుకోండి. రేంజ్ బంతులు అరిగిపోయి ఉంటాయి, దూరాన్ని నమ్మవద్దు, దిక్కునూ మచ్చలనూ మాత్రం నమ్మండి.

బిగించేటప్పుడు పెట్టెలో వచ్చిన టార్క్ రెంచ్‌నే వాడండి. చాలా కంపెనీల రెంచ్‌లు 40 అంగుళ పౌండ్ల దగ్గర టక్కుమంటాయి, ఆ చప్పుడు వినబడగానే ఆపేయాలి. మామూలు పానాతో బలం కొద్దీ బిగిస్తే మర చెడుతుంది, వదులుగా వదిలేస్తే స్వింగ్ మధ్యలో హెడ్ కటకటలాడుతుంది. ఇంకొకటి: ఈ మార్పులన్నీ రౌండ్ మొదలవక ముందే. నాలుగో హోల్ దగ్గర విసుగొచ్చి రెంచ్ తీశారో, అలా మార్చిన క్లబ్‌తో ఒక్క షాట్ కొట్టినా 4.1 నిబంధన కింద పోటీలోంచి తప్పిస్తారు. బావగారితో సరదా ఆట కాబట్టి పోనీలే అనుకున్నా, క్లబ్ పోటీల్లో ఈ అలవాటు కొంప ముంచుతుంది.

ఇక షాఫ్ట్ కోయించమన్న మిత్రుడి మాట. ఆలోచన మంచిది, కత్తెర మాత్రం ఇప్పుడే వద్దు. 45.75 అంగుళాల షాఫ్ట్ షాపులో అమ్మకానికి బాగుంటుంది, సిమ్యులేటర్ మీద ఒకటి రెండు గజాలు ఎక్కువ చూపిస్తుంది. రోజూ అదే పనిగా ఆడే టూర్ ఆటగాళ్లలోనే చాలామంది 45 అంగుళాలు, అంతకన్నా తక్కువే వాడతారు. మీరు గ్రిప్ మీద చేతులు ఒక అంగుళం కిందికి దించి పట్టుకోండి, షాఫ్ట్ పొట్టిదైనట్టే. వేగం గంటకు ఓ మైలు తగ్గవచ్చు. కానీ ఇప్పుడు మీ బంతి వేగం 124ని హెడ్ వేగం 88తో భాగిస్తే 1.41. నడిమికి దగ్గరగా తగిలి అది 1.44 అయితే చాలు, 87 మైళ్ల వేగంతోనే బంతి 125 దాటుతుంది. వేగం తగ్గించి దూరం పెంచుకోవడం ఇక్కడ సాధ్యమే.

మూడు వారాలు అలా ఆడి మచ్చలు నడిమికి జరిగితే అప్పుడు కోయించడం గురించి ఆలోచించండి. కోస్తే తిరిగి అతికేది కాదు. అర అంగుళం తగ్గితే స్వింగ్ వెయిట్ (ఊపేటప్పుడు హెడ్ ఎంత బరువుగా తెలుస్తుందో చెప్పే కొలత) మూడు పాయింట్లు పడిపోతుంది, అంగుళానికి ఆరు. హెడ్‌లో రెండు గ్రాములు పెంచితే ఒక పాయింట్ తిరిగొస్తుంది, కాబట్టి అంగుళానికి 12 గ్రాములు. ఆ సర్దుబాటు లేకుండా కోయిస్తే చేతిలో చీపురుపుల్ల పట్టుకున్నట్టుంటుంది, హెడ్ ఎక్కడుందో తెలియదు. ఆ 12 గ్రాముల సీసం టేపును సోల్ మీద హీల్ వైపు, వెనక్కి అంటిస్తే మాత్రం ఒక దెబ్బకు రెండు పిట్టలు.

షాపువాళ్లు చెప్పిన 10కే మాట ఏమిటో తెలుసుకోవడం మంచిది, లేకపోతే 55 వేలు మాటకే పోతాయి. ఇంటర్లో జడత్వ భ్రామకం అని చదువుకున్నదే ఇక్కడ ఎంఓఐ. బరువు కేంద్రానికి ఎంత దూరంగా ఉంటే అంత ఎక్కువ, అదీ దూరం వర్గంతో పెరుగుతుంది. గరిమనాభికి 8 సెంటీమీటర్ల వెనక 20 గ్రాములు పెడితే అదొక్కటే 1,280 గ్రామ్ చదరపు సెంటీమీటర్లు. కొత్త డ్రైవర్లు వెనక్కి తోకలా సాగి ఉండేది ఇందుకే. హెడ్ పరిమాణం 460 సీసీ దాటకూడదనీ, హీల్ నుంచి టోకి తిరిగే ఎంఓఐ 5,900 మించకూడదనీ నిబంధనలు హద్దు పెట్టాయి. 1991లో వచ్చిన మొదటి బిగ్ బెర్తా డ్రైవర్ 190 సీసీ, అప్పట్లో అదే గుమ్మడికాయలా కనబడింది. కిందినుంచి పైకి తిరిగే ఎంఓఐకి అలాంటి హద్దు లేదు. ఈ రెండూ కలిపి పదివేలు దాటిస్తే 10కే అని పేరు. 2024లో పింగ్, టైలర్‌మేడ్ రెండూ అలాంటివి తెచ్చాయి. నిజంగానే గొప్ప ఇంజనీరింగ్, అందులో మాట లేదు.

మరి మీకు ఎంత మేలు? మీ హెడ్ లాంటి తక్కువ స్పిన్ హెడ్‌కి హీల్ టో ఎంఓఐ 4,500 అనుకుందాం. ఫేస్ వంగే సంగతి పక్కనపెట్టి లెక్కిస్తే, 12 మిల్లీమీటర్లు పక్కన తగిలిన బంతి దానితో 1.2 శాతం వేగం కోల్పోతుంది. 5,900 ఉన్న హెడ్‌తో 0.9 శాతం. తేడా గంటకు అర మైలు లోపు, అంటే ఒక గజం. అదే 25 మిల్లీమీటర్లు పక్కన తగిలితే తేడా గంటకు దాదాపు మైలున్నర, మూడు గజాలు. అదీ పెద్ద ఎంఓఐ ఓర్పు. ఫేస్ తిరగడాన్ని అది తగ్గిస్తుంది, పక్కన తగిలిన బంతులు ఒకదానికొకటి కాస్త దగ్గరగా పడతాయి. కానీ 5 డిగ్రీలు కోసే స్వింగ్‌నీ, కుడికి చూసే ఫేస్‌నీ అది ఏమీ చేయలేదు. అదే స్లైస్ ఇంకా నిలకడగా వస్తుంది, అంతే! పైగా గరిమనాభి షాఫ్ట్‌కి దూరమైన కొన్ని పెద్ద హెడ్‌లను సమయానికి మూయడం స్లైస్ కొట్టేవారికి ఇంకా కష్టం.

కొనక తప్పదనుకుంటే "మ్యాక్స్" అన్న మాట కాకుండా "డ్రా" (బంతిని ఎడమకు తిప్పేది) అన్న మాట వెతకండి. కాలవే వాళ్ల మోడళ్లలో మ్యాక్స్ డి, పింగ్ వాళ్లలో ఎస్‌ఎఫ్‌టీ అలాంటివి. బరువు హీల్‌లో ఉంటుంది. లాఫ్ట్ 10.5 తీసుకోండి, 12 అంటే సిగ్గుపడకండి. ఒక ఇబ్బంది చెబుతాను: కోచ్ దగ్గర స్వింగ్ చక్కబడ్డాక, ఇలాంటి క్లబ్బే బంతిని ఎడమకు లాగడం మొదలుపెడుతుంది. ఏడాదిలో మళ్లీ మార్చాల్సి రావచ్చు. సెకండ్ హ్యాండ్ అయితే నష్టం తక్కువ. చూసేటప్పుడు హెడ్‌ని చెవి దగ్గర ఊపండి, గలగలలాడితే లోపల జిగురు ఊడిందన్నమాట. ఫేస్ మీద గోటితో గీసి చూస్తే సన్నని పగులుంటే తగులుతుంది. స్లీవ్ ఏ కంపెనీదో, రెంచ్ ఇస్తున్నారో లేదో కనుక్కోండి, ఒక కంపెనీ స్లీవ్ ఇంకో కంపెనీ హెడ్‌లో దూరదు.

స్టిఫ్ షాఫ్ట్ మీకు కాస్త గట్టిదే, 88 మైళ్లకు సాధారణంగా రెగ్యులర్ చెబుతారు. అయినా దిక్కు మీద దాని ప్రభావం జనం అనుకునేంత ఉండదు. దీన్ని ఆఖరుకు వదిలేయండి.

కోచ్ దగ్గరికి వెళ్లడం మానవద్దు, కానీ ఆరు వారాల్లో మైనస్ 5ని సున్నా చేయమని అడగవద్దు. మైనస్ 3 చాలు. రేంజ్‌లో బంతికి అవతల జానెడు దూరంలో, కొంచెం వెనగ్గా హెడ్‌కవర్ పెట్టి కొట్టండి. బయటినుంచి కోస్తే కవర్ ఎగిరిపోతుంది, చెప్పేవాళ్లు అక్కర్లేదు. బంతి మీ ఎడమ మడమకు ఎదురుగా ఉందో లేదో చూసుకోండి, దానికన్నా ముందుకు పోతే భుజాలు ఎడమకు తెరుచుకుంటాయి, దారీ అటే పోతుంది. టీ (బంతిని నిలబెట్టే పుల్ల) కొంచెం ఎత్తు చేయండి, బంతి సగం డ్రైవర్ నెత్తి పైన కనబడాలి. మీ గుర్తులు కిందగా పడుతున్నాయి కదా, ఫేస్ కింది భాగంలో తగిలితే స్పిన్ పెరిగి బంతి తక్కువ ఎత్తులో బయల్దేరుతుంది.

టీ ఎత్తు చేయగానే చాలామంది ఒక గోతిలో పడతారు. దూరం పెరుగుతుందని విని బంతిని పైకి కొట్టబోతారు. స్వింగ్ వాలుగా తిరుగుతుంది కాబట్టి, అదే స్వింగ్‌తో బంతిని ఇంకా ముందు, పైకి వెళ్లేటప్పుడు కలిస్తే దారి మరింత ఎడమకు పోతుంది. మీ మైనస్ 3 సున్నా అయితే మైనస్ 5 కాస్తా మైనస్ 7 అవ్వచ్చు. తాకే కోణానికీ లాఫ్ట్‌కీ ఎడం కూడా తగ్గి, స్లైస్ ఇంకా ముదురుతుంది. పైకి కొట్టే పాఠం దారి చక్కబడ్డాక. సంక్రాంతి లోపల మాత్రం వద్దు.

ఇరుకు హోల్స్‌లో డ్రైవర్ బదులు మూడో వుడ్ అనే క్లబ్ తీయడానికి వెనకాడవద్దు. 15 డిగ్రీల లాఫ్ట్, 43 అంగుళాల షాఫ్ట్. మీ అదే స్వింగ్‌తో వాలు 27 బదులు 17 చుట్టూ ఉంటుంది, వంకర 20 గజాలు. దూరం ఓ పదిహేను గజాలు తగ్గుతుంది. పోయిన బంతికి ఒక పెనాల్టీ, పైగా కొట్టినచోటికే తిరిగి రావాలి. 22 హ్యాండిక్యాప్‌కి పదిహేను గజాల కన్నా అదే ఖరీదు.

ఇక బావగారు. ఈ చిక్కుముడిలో మీరు అన్నిటికన్నా ఎక్కువ భయపడుతున్నది ఇక్కడే అనిపించింది. మంచి ఆటగాడికి "మీ క్లబ్ నాకు నచ్చలేదు" అంటే నొప్పి కలుగుతుంది, అంకెలు చూపిస్తే ఆసక్తి కలుగుతుంది. వచ్చేముందు ఒకసారి ఫోన్ చేసి "బావగారూ, మీరు బిగించిన బరువులు నాకు ఎదురు తిరుగుతున్నాయి, హీల్‌కి మార్చి చూస్తున్నాను, అంకెల చీటీ పంపుతాను, ఓసారి చూడండి" అనండి. ముందే చెబితే అది సలహా అడగడం, వచ్చాక ఆయన కంటబడితే మార్చేసి దాచినట్టు. వచ్చిన మర్నాడు ఇద్దరూ అదే సిమ్యులేటర్‌లో అదే క్లబ్‌తో చెరో పది బంతులు కొట్టండి. 105 మైళ్లవాడికీ 88 మైళ్లవాడికీ ఒకే హెడ్ ఎందుకు కుదరదో తెర మీద ఆయనకే కనబడుతుంది.

బరువులూ స్లీవూ మార్చి మూడు వారాలు చూశాక కూడా బంతులు పోతుంటే అప్పుడు రెండు దారులున్నాయి. అదే కంపెనీ డ్రా హెడ్ ఒక్కటే కొనుక్కుని బావగారిచ్చిన షాఫ్ట్ మీదే బిగించుకోవచ్చు, ముందు ఆ హెడ్‌కి అదే స్లీవ్ సరిపోతుందని షాపులో బిగించి చూడండి. క్లబ్ మొత్తం కొన్నదానికన్నా తక్కువకే వస్తుంది, శ్రీమతికి చెప్పడమూ తేలిక. లేదా మీకు కావలసిన డ్రైవర్ మీరు కొనుక్కుని, దీన్ని అమ్మకుండా ఇంట్లోనే ఉంచండి. డల్లాస్ నుంచి క్లబ్‌ల సంచీ మోసుకుని విమానమెక్కడం ఎవరికీ సరదా కాదు. హైదరాబాద్ వచ్చినప్పుడల్లా బావగారు ఆడుకునే డ్రైవర్ మీ ఇంట్లో సిద్ధంగా ఉంటుంది, అక్క నొచ్చుకోవడానికి ఏమీ ఉండదు. అందుకే స్క్రూ మీద రెంచ్ పెట్టకముందే సోల్‌కీ స్లీవ్‌కీ ఒక్కో ఫొటో తీసి ఉంచుకోండి. టో 12, హీల్ 2, స్లీవ్ మీది గీత ఎక్కడుందో అదీ కనబడేలా. కనుమ మర్నాడు పొద్దున మొదటి హోల్ దగ్గర ఆయన ఆ క్లబ్ అడిగితే, రౌండ్ మొదలవక ముందే మళ్లీ ఆయన అమరికలో బిగించి ఇవ్వాలి కదా.